చర్చి గేటు అవతలి మనుషులకు దగ్గరవడం ఎలా?

ఒక చిన్న పనితో మొదలుపెట్టండి. ఫోను తీసి గత నెలలో ఎవరెవరితో మాట్లాడారో చూడండి. ఉద్యోగం పని మీద, బిల్లుల గురించి, సరుకులు తెచ్చేవాళ్లతో మాట్లాడినవి పక్కన పెట్టేయండి. మిగిలిన పేర్లలో మీ సంఘానికీ, మరే సంఘానికీ చెందనివాళ్లు ఎంతమంది? వాళ్లలో కష్టం వస్తే మీకు చెప్పుకునేవాళ్లు ఎవరు? మీకు కష్టం వస్తే మీరు వెళ్లి చెప్పుకోగలిగినవాళ్లు ఎవరు?

విశ్వాసంలోకి కొత్తగా వచ్చినవాళ్లకు ఈ జాబితా సాధారణంగా పెద్దదిగానే ఉంటుంది. పాత స్నేహితులు, చుట్టాలు, తోటి ఉద్యోగులు ఇంకా చుట్టూ ఉంటారు. ఏళ్లు గడిచేకొద్దీ అది చిక్కిపోతుంది. ఎవరూ కావాలని తెంచుకోరు. ఆదివారం ఆరాధన, వారం మధ్యలో వాక్య ధ్యానం, మరో సాయంత్రం ప్రార్థన కూడిక, గాయక బృందం సాధన, యువజనుల సమావేశం... వారం నిండిపోతుంది. చివరికి సువార్త చెప్పాలని ప్రతి వారం వింటూ, చెప్పడానికి ఎదుట మనిషే లేని స్థితికి వస్తాం.

ఆ స్థితిలో ఉన్న మామూలు విశ్వాసుల కోసం ఇది రాస్తున్నాను. వేదికల మీద బోధించే వరం ఉన్నవాళ్ల సంగతి వేరు. నేను చెప్పదలచుకున్నది ఒకటే: అవతలివాళ్లను మన దగ్గరకు రప్పించే ఉపాయాలు కొంతకాలం పక్కన పెట్టి, వాళ్లున్న చోటికి అతిథిగా వెళ్లడం నేర్చుకోవాలి. అతిథి అంటే ఇచ్చేవాడు కాదు, పుచ్చుకునేవాడు. మనకు ఎక్కువగా అలవాటు తప్పింది అదే.

ముందు ఒక సాయంత్రం ఖాళీ చేసుకోండి

స్నేహానికి కావలసింది తీరిక. అది లేకపోతే కింద రాసినవేవీ పనికిరావు. మీరు సంఘంలో చేస్తున్న పనులన్నీ కాగితం మీద పెట్టండి. మీరు లేకపోయినా సాఫీగా సాగిపోయేది వాటిలో ఒకటి తప్పకుండా కనిపిస్తుంది. దాన్ని వదలండి.

అయితే చెప్పకుండా మానేయకండి. కాపరి దగ్గరకు వెళ్లి, ‘ఇకనుంచి ఈ సాయంత్రం మా ఇరుగుపొరుగుతో గడపాలనుకుంటున్నాను, దీన్ని కూడా పరిచర్యగానే భావించి నా కోసం ప్రార్థించండి’ అని అడగండి. కొందరు కాపరులు సంతోషిస్తారు, కొందరు ముఖం చిట్లిస్తారు. విశ్వాసులను వారంలో ఐదు సాయంత్రాలు చర్చిలోనే కూర్చోబెట్టి, కొత్త ఆత్మలు రావడం లేదని వేదిక మీద నుంచి వాపోయే సంఘాలు లేకపోలేదు. మీది అలాంటిదైతే వాదన పెట్టుకోకండి. ఆరు నెలలు చూసి మళ్లీ మాట్లాడదామని గడువు అడగండి.

కొత్తది పెట్టకండి, ఉన్నదాంట్లో చేరండి

సాయంత్రం ఖాళీ కాగానే చాలామందికి తట్టే మొదటి ఆలోచన, ఏదో ఒక కార్యక్రమం పెట్టడం. క్రైస్తవ క్రీడా పోటీలు, క్రైస్తవ సంగీత పోటీలు, క్రైస్తవ పుస్తక ప్రదర్శన. పెడితే వచ్చేది ఎవరు? పక్క సంఘం విశ్వాసులు. మన వలయం కాస్త పెద్దదవుతుంది తప్ప తెరుచుకోదు.

అందుకు బదులు ఇప్పటికే నడుస్తున్న ఏదో ఒక బృందంలో మామూలు సభ్యులుగా చేరండి. పొద్దున్నే నడిచేవాళ్లు, రక్తదాతలు, పుస్తకాలు చదువుకునేవాళ్లు, బడిలో తల్లిదండ్రుల కమిటీ, చదరంగం ఆడేవాళ్లు, మొక్కలు పెంచేవాళ్లు. ఎక్కడైనా ఏదో ఒకటి ఉంటుంది. ఒక్కటే ఎంచుకోండి, అదీ మీకు నిజంగా ఇష్టమైనదే. మొక్కలంటే గిట్టని మనిషి మొక్కల బృందంలో చేరితే, వచ్చిన పని వేరే ఉందని మూడో వారానికే అందరికీ తెలిసిపోతుంది.

చేరాక కొన్నాళ్లు పదవుల జోలికి పోవద్దు. సంఘ పెద్దగానో, ఆదివారం బడి ఉపాధ్యాయులుగానో అలవాటు పడ్డవాళ్లకు ఇది కష్టమే. నలుగురు చేరిన చోట నోరు దానంతటదే తెరుచుకుంటుంది. కుర్చీలు సర్దడం, హాజరు రాయడం, చందాల లెక్క చూడడం వంటి పనులకు ముందుకు రండి. ఆ పనుల్లో పక్కనున్నవాళ్లతో మాటలు సహజంగా కలుస్తాయి.

లూకా సువార్త 10వ అధ్యాయంలో యేసు డెబ్బది మందిని పంపుతూ, సంచీ, జాలె, చెప్పులు ఏవీ తీసుకెళ్లవద్దని చెప్పాడు. చేర్చుకున్న ఇంట్లోనే ఉండమని, ఇల్లిల్లు మారవద్దని, పెట్టింది తినమని చెప్పాడు. దీన్ని దేవుని మీద ఆధారపడే పాఠంగా బోధిస్తుంటారు. నిజమే, కానీ సంచీ లేనివాడు ఊరివాళ్ల మీద కూడా ఆధారపడక తప్పదు. రాత్రి తల దాచుకునే చోటు వాళ్లే ఇవ్వాలి. ఇక ఇల్లు మారవద్దనడం ఎంత ఇంగితం గల మాట! ఇంకాస్త మంచి భోజనం దొరికే ఇంటికి వెళ్లిపోతే, మొదట చేరదీసినవాళ్ల మనసు ఎలా ఉంటుంది? ‘ఇక్కడ ఫలితం కనిపించడం లేదు’ అని బృందాలు మారేవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

సాయం చేసే ముందు సాయం అడగండి

సమరయ స్త్రీతో యేసు మాట్లాడిన మొదటి మాట బోధ కాదు, తాగడానికి నీళ్లిమ్మన్న అభ్యర్థన. యోహాను 4వ అధ్యాయం మళ్లీ నెమ్మదిగా చదవండి. మధ్యాహ్న వేళ. ప్రయాణం చేసి అలసిపోయి ఉన్నాడు. శిష్యులు ఆహారం కొనడానికి ఊళ్లోకి వెళ్లారు. బావి లోతుగా ఉంది, చేదుకోవడానికి ఆయన దగ్గర ఏమీ లేదు. ఆమె దగ్గర కుండ ఉంది. యూదులు సమరయులతో సాంగత్యం చేయని కాలంలో, ఆమె చేతి నీళ్లు తాగడానికి ఆయన సిద్ధపడ్డాడు. ఆమెను ఆశ్చర్యపరిచిందీ అదే. తర్వాత ఆ ఊరివాళ్లు ఉండమని అడిగితే రెండు రోజులు అక్కడే ఉన్నాడు. అంటే రెండు రాత్రులు సమరయుల ఇళ్లలో పడుకుని, వాళ్లు పెట్టింది తిన్నాడన్నమాట.

మనం దీన్ని తిరగేశాం. అవతలివాళ్లు అవసరంలో ఉన్నప్పుడే వాళ్ల గుమ్మం తొక్కుతాం. ఎప్పుడూ ఇచ్చే చేయి పైన, పుచ్చుకునే చేయి కింద. ఆ ఎత్తుపల్లాల మధ్య స్నేహం కుదరదు.

కాబట్టి అడగండి. ఊరికి వెళ్లేటప్పుడు ఇంటి తాళం పక్కింటివాళ్లకు ఇచ్చి కాస్త చూస్తుండమనండి. లెక్కలు బాగా వచ్చిన పొరుగాయనను మీ పిల్లకు ఒక పాఠం చెప్పమనండి. మీరు చేసే పనిలో వాళ్లకు ఎక్కువ తెలిసిన విషయం ఉంటే సలహా తీసుకోండి, తీసుకుని పాటించండి, ఎలా పనిచేసిందో మళ్లీ వెళ్లి చెప్పండి. మీ ఆరోగ్యం బాగాలేనప్పుడు దాచిపెట్టి, ‘దేవుని కృపలో బాగున్నాం’ అని నవ్వకండి. విశ్వాసికి కష్టాలు ఉండవన్న భ్రమ కల్పిస్తే, రేపు వాళ్లు తమ కష్టం మీకు చెప్పరు.

భోజనానికి పిలిస్తే వెళ్లండి. విశ్వాసం లేనివాళ్లు పిలిచినప్పుడు వెళ్లాలని మీకుంటే వెళ్లి, వడ్డించింది తినమని పౌలు కొరింథీయులకు రాశాడు. విగ్రహాలకు అర్పించినదని ఎవరైనా చెబితే ఆ చెప్పినవాళ్ల మనస్సాక్షి కోసం తినవద్దని కూడా వెంటనే రాశాడు. అంటే గుమ్మంలోనే విచారణ మొదలుపెట్టనక్కర లేదు. మీ మనస్సాక్షి ఒప్పుకోనిది ఎదురైతే వాళ్లు నొచ్చుకోకుండా చెప్పండి: ‘ఇది నేను తీసుకోలేను, ఏమీ అనుకోకండి, మీతో కూర్చోవడానికే వచ్చాను.’ కారణం అడిగితే ఒక్క వాక్యంలో చెప్పండి. ప్రసంగం వద్దు.

వినడం ఎలాగో చూద్దాం

తోటి ఉద్యోగి ఒకరు మధ్యాహ్నం భోజనం దగ్గర, ‘నాన్నకు డయాలసిస్ మొదలుపెట్టాలంటున్నారు’ అన్నారనుకోండి. మన నోటికి వెంటనే వచ్చే జవాబు: ‘ధైర్యంగా ఉండండి, దేవుడు చూసుకుంటాడు.’ మంచి మాటే. కానీ ఆ మాటతో సంభాషణ ముగిసిపోతుంది. ఆయన ‘అవునండీ’ అని తల వంచుకుని తింటారు.

దానికి బదులు ఇలా అడగండి: ‘వారానికి ఎన్నిసార్లు వెళ్లాలట?’

‘మూడుసార్లు. ఒక్కోసారి నాలుగు గంటలు పడుతుందట.’

‘ఎవరు తీసుకెళ్తారు?’

‘నేనే. తమ్ముడు దూరంగా ఉంటాడు. సెలవులు ఎన్నని పెట్టను?’

అసలు విషయం ఇక్కడ బయటపడింది. ఆయన్ని తినేస్తున్నది జబ్బు ఒక్కటే కాదు, ఆ నాలుగు గంటలు కూడా. వారం తిరిగాక, ‘గురువారం మధ్యాహ్నం నాకు ఖాళీ. మీకు అభ్యంతరం లేకపోతే నాన్నగారి దగ్గర నేను కూర్చుంటాను, మీరు ఆఫీసుకు వెళ్లండి’ అనగలిగితే, అది ఎన్ని కరపత్రాలకు సమానమో నేను చెప్పనక్కర లేదు. కూర్చుంటే మాత్రం కూర్చోండి. ఆ పెద్దాయన మంచానికి కట్టేసినట్టు ఉన్న సమయంలో బైబిలు తెరవకండి. లేచి వెళ్లలేని మనిషికి బోధించడం న్యాయం కాదు.

వినేటప్పుడు ఇంకో జాగ్రత్త. ఎదుటివాళ్లు తమ బాధ చెబుతుంటే మన సాక్ష్యం అతికించే సందు కోసం వెతుకుతాం. అది వాళ్లకు తెలిసిపోతుంది. మన కళ్లలోనే కనిపిస్తుంది.

1953లో లండన్‌లో ఛాడ్ వరా అనే ఆంగ్లికన్ గురువు, ఆత్మహత్య ఆలోచనల్లో ఉన్నవాళ్ల కోసం తన చర్చి నుంచి టెలిఫోన్ సేవ మొదలుపెట్టారు. సలహా చెప్పేది తానే. వచ్చినవాళ్లు తన కోసం వేచి ఉండే సమయంలో వాళ్లకు తోడుగా కూర్చోవడానికి కొందరు వలంటీర్లు ఉండేవారు. కొన్నాళ్లకు ఆయన గమనించింది ఏమిటంటే, వలంటీర్లతో మాట్లాడినవాళ్లలో చాలామందికి ఆ తర్వాత ఆయన్ని కలవాల్సిన అవసరమే రావడం లేదు. వాళ్లు చేసింది వినడం మాత్రమే. త్వరలోనే ఆ పనిని వలంటీర్లకే అప్పగించారు. ‘సమారిటన్స్’ అనే పేరుతో ఎదిగిన ఆ సేవలో, వలంటీర్లు తమ నమ్మకాలను ఎవరి మీదా రుద్దకూడదన్నది నియమం. చర్చిలో పుట్టిన పని అది. బోధకుడికంటే వినేవాడి అవసరం ఎక్కువగా ఉండే గదులు కొన్ని ఉంటాయని ఆ బోధకుడే ఒప్పుకున్నాడు.

ప్రార్థన చేయాలనుకుంటే

అడిగి చేయండి. ‘మీ నాన్నగారి కోసం నేను రోజూ ఇంట్లో ప్రార్థిస్తున్నాను’ అని చెప్పడానికి అనుమతి అక్కరలేదు, సాధారణంగా ఎవరూ నొచ్చుకోరు. వాళ్ల ఎదుట, వాళ్ల పేరు పెట్టి ప్రార్థించాలంటే మాత్రం తప్పకుండా అడగాలి. వద్దంటే ‘సరేనండీ’ అని మామూలుగా మాట్లాడుతూ ఉండండి. ముఖంలో నిరాశ కనిపించనివ్వకండి.

సరేనంటే ఒక నిమిషం లోపు ముగించండి. మామూలు గొంతుతో, మామూలు మాటలతో. పక్క మంచం మీద ఉన్నవాళ్లు ఉలిక్కిపడకూడదు. ‘ప్రభువా, ఈ బిడ్డకు నిన్ను తెలుసుకునే మనసు దయచేయి’ అంటూ ప్రార్థన ముసుగులో ప్రసంగం చేయవద్దు. దేవునితో మాట్లాడుతున్నట్టు కళ్లు మూసుకుని, నిజానికి పక్కనున్న మనిషికి వినిపించే మాటలవి. ఎవరికైనా అవమానంగానే ఉంటుంది. పెద్దాయనకు నొప్పి తగ్గాలని, రాత్రి నిద్ర పట్టాలని, కొడుకుకు ఓపిక కావాలని అడగండి, చాలు. రెండు రోజుల తర్వాత ఫోను చేసి నిద్ర పట్టిందా అని కనుక్కోండి. చాలామంది ఈ రెండో పని మరిచిపోతారు.

అడిగినప్పుడు చెప్పడానికి సిద్ధంగా ఉండండి

ఇంతవరకు చదివి, ‘మరి యేసు పేరు ఎప్పుడు చెప్పాలి?’ అని కొందరికి అసహనం కలిగి ఉంటుంది. కలగాలి కూడా. స్నేహం పేరుతో ఏళ్ల తరబడి నోరు మెదపకపోవడం కూడా ఒక రకం దాపరికమే. మీరు విశ్వాసి అని మొదటి నెలలోనే తెలియాలి. ‘ఆదివారం ఏం చేశారు?’ అంటే ‘చర్చికి వెళ్లాం, తర్వాత పిల్లలతో గడిపాం’ అని చెప్పేయండి. దాచి దాచి ఒకరోజు బయటపెడితే, ఇన్నాళ్ల స్నేహం ఎర అనిపిస్తుంది.

మీలో ఉన్న నిరీక్షణకు కారణం అడిగేవాళ్లకు సాత్వికంతో, గౌరవంతో జవాబు చెప్పడానికి ఎప్పుడూ సిద్ధంగా ఉండమని పేతురు తన మొదటి పత్రికలో (3:15) రాశాడు. అంటే ప్రశ్న వస్తుందని అనుకునే రాశాడు. ప్రశ్న వచ్చినప్పుడు తడబడకుండా ఉండాలంటే ముందే ఇంట్లో సాధన చేయాలి. రెండు నిమిషాల్లో చెప్పగలిగేలా మీ కథను కాగితం మీద రాయండి. రాసినదాన్ని చర్చికి ఎన్నడూ వెళ్లనివాళ్ల చెవితో చదవండి.

ఒకాయన మొదట ఇలా రాశాడనుకోండి: ‘పాపపు ఊబిలో కూరుకుపోయిన నన్ను ప్రభువు తన రక్తంతో కొని, నూతన సృష్టిగా మార్చి, తన సాక్షిగా నిలబెట్టుకున్నాడు.’ సంఘంలో దీనికి ఆమేన్లు పడతాయి. బయటివాళ్లకు ఏం జరిగిందో ఒక్క ముక్క అర్థం కాదు. అదే మనిషి ఇలా చెప్పవచ్చు: ‘అప్పట్లో నాకు విపరీతమైన కోపం. నేను ఇంట్లోకి వస్తున్నానంటే పిల్లలు వేరే గదిలోకి వెళ్లిపోయేవాళ్లు. సువార్తలు చదువుతుంటే, తనను సిలువ వేస్తున్నవాళ్లను క్షమించమని యేసు ప్రార్థించిన చోట ఆగిపోయాను. ముందుకు చదవలేకపోయాను. క్షమించమని దేవుణ్ణి అడిగాను, తర్వాత నా భార్యను అడిగాను. కోపం పూర్తిగా పోలేదు, ఇప్పటికీ వస్తుంది. కానీ పిల్లలు గదిలోంచి వెళ్లిపోవడం మానేశారు.’ ఇందులో సువార్త తక్కువేమీ కాలేదు. వినేవాళ్లు దీన్ని నమ్మవచ్చు, నమ్మకపోవచ్చు. ఏం విన్నామో మాత్రం వాళ్లకు తెలుస్తుంది.

చెప్పాక ఆగండి. వాళ్ల వంతు ఇవ్వండి. ‘మీ ఇంట్లో దేవుడి గురించి ఏం చెబుతూ పెంచారు?’ అని అడిగి, జవాబును సరిదిద్దకుండా వినండి. ఏథెన్సులో పౌలు ముందు ఊరంతా తిరిగి, వాళ్ల పూజాస్థలాలను గమనించి చూశాడు. తెలియని దేవునికి కట్టిన బలిపీఠం అలాగే ఆయన కంట పడింది. అరేయొపగు అనే ఆ ఊరి పెద్దల సభలో మాట్లాడినప్పుడు వాళ్ల కవుల మాటలే ఎత్తి చెప్పాడు. అందులో ఒక పాదం అరాటస్ అనే గ్రీకు కవిది. ఆ కవిత్వం ఆయన ఎప్పుడో చదివి ఉండాలి కదా. మీ స్నేహితులు ఇష్టంగా చదివే పుస్తకం ఏమిటో, వాళ్లు పవిత్రంగా భావించేది ఏమిటో మీకు తెలుసా? ఇంతా చేసిన పౌలును కొందరు ఎగతాళి చేశారు, కొందరు మళ్లీ వింటామన్నారు, దియొనూసి, దమరి వంటి కొద్దిమంది నమ్మారు. పౌలుకే అంత దక్కింది.

ఇంటికి పిలిచినప్పుడు

చిన్న విషయాలే, కానీ ఇవే దెబ్బతీస్తాయి. ఆరుగురు సంఘస్థులను, ఒక్క పొరుగాయనను పిలవకండి. ఆయనకు అది విచారణ కమిటీలా కనిపిస్తుంది. సంఘం నుంచి ఒక కుటుంబం, బయటి నుంచి రెండు మూడు కుటుంబాలు ఉంటే గది తేలికగా ఉంటుంది. మీ సంఘ కుటుంబానికి ముందే చెప్పండి: కాపరి ప్రసంగం గురించి, వచ్చే వారం కూడిక గురించి ఆ పూట మాట్లాడుకోవద్దని. భోజనానికి ముందు ప్రార్థించడం మీ ఇంటి అలవాటైతే మానకండి, పొడిగించకండి. ‘మేము తినేముందు కృతజ్ఞతలు చెప్పుకుంటాం, ఒక్క క్షణం’ అని చెప్పి రెండు వాక్యాలలో ముగించండి.

భోజనానికి పిలిచి భోజనమే పెట్టండి. తిన్నాక గిటారు బయటికి తీయడం, ‘మా సహోదరుడు రెండు మాటలు చెబుతారు’ అనడం మోసం కిందికే వస్తుంది. కూడిక పెట్టాలనుకుంటే కూడిక అనే చెప్పి పిలవండి. వచ్చేవాళ్లు తెలిసే వస్తారు.

సంఘంగా చేయాల్సింది

వ్యక్తులు ఎంత బాగా మెలిగినా, చర్చి భవనం చుట్టుపక్కల ఇళ్లను ఇబ్బంది పెడుతుంటే అదంతా బూడిదలో పోసిన పన్నీరే. ఇద్దరు పెద్దలను చుట్టూ ఉన్న ఇళ్లకు పంపండి. చేతిలో కరపత్రం ఉండకూడదు. ఒకే ప్రశ్న: ‘మా వల్ల మీకు ఇబ్బందులు ఏమైనా ఉన్నాయా?’ శబ్దం, వాళ్ల వాకిలికి అడ్డంగా పెట్టే వాహనాలు, ఆరాధన ముగిశాక రోడ్డు మీద గుంపులు... ఈ మూడింటిలో ఒకటైనా రాకపోతే ఆశ్చర్యమే. విన్నది రాసుకుని, సరిచేసి, నెల తర్వాత మళ్లీ వెళ్లి ఇప్పుడెలా ఉందో అడగండి. ఆ రెండో రాకతో వాళ్లకు మీ మీద గురి కుదురుతుంది.

సహాయం చేసేటప్పుడు మనవాళ్లు, బయటివాళ్లు అన్న తేడా ఉండకూడదు. క్రీ.శ. 362 ప్రాంతానికి చెందిన, రోమా చక్రవర్తి జూలియన్ పేరుతో ఉన్న ఒక లేఖ ఉంది. ఆయన క్రైస్తవ్యాన్ని వదిలి పాత దేవతల ఆరాధనను నిలబెట్టాలని చూసినవాడు. గలిలయులు, అంటే క్రైస్తవులు, తమ పేదలనే కాక మన పేదలను కూడా పోషిస్తున్నారు, మనవాళ్లకు మనం సాయం చేయకపోవడం సిగ్గుచేటు అని ఆ లేఖ తన పూజారిని మందలిస్తుంది. గిట్టనివాళ్ల నోటి నుంచి వచ్చిన సాక్ష్యం అది.

ఈ గీతలు దాటవద్దు

సహాయానికి షరతు పెట్టవద్దు. చర్చికి వస్తేనే బియ్యం, ప్రార్థనకు కూర్చుంటేనే మందులు అన్న తీరు సువార్తకు కళంకం. సాయం అందుకుంటున్నవాళ్ల ఫోటోలు తీసి పంచుకోవద్దు. తల్లిదండ్రులకు తెలియకుండా పిల్లలతో మతం గురించి మాట్లాడవద్దు. ఎదుటివాళ్ల దేవుళ్లను, ఆచారాలను వెటకారం చేయవద్దు; వాళ్లు లేని చోట కూడా. మతమార్పిడికి సంబంధించి మీరుండే దేశంలో, రాష్ట్రంలో చట్టాలు ఏం చెబుతున్నాయో తెలిసినవాళ్లను అడిగి స్పష్టంగా తెలుసుకోండి.

ఇవి నా సొంత చాదస్తాలు కావు. 2011లో ప్రపంచ చర్చిల మండలి, వాటికన్‌కు చెందిన మతాంతర సంభాషణల మండలి, ప్రపంచ ఇవాంజెలికల్ కూటమి కలిసి, బహుమత ప్రపంచంలో క్రైస్తవ సాక్ష్యం ఎలా ఉండాలో ఒక పత్రం విడుదల చేశాయి. మోసం, ఒత్తిడి, తాయిలాలు చూపడం, జనం పేదరికాన్ని వాడుకోవడం వంటి పద్ధతులను అది తిరస్కరించింది. ఎన్నో విషయాల్లో ఏకాభిప్రాయం లేని ఈ మూడు సంస్థలూ ఈ మాట మీద ఒకటయ్యాయి.

చర్చికి వస్తానంటే, రానంటే

వస్తానంటే, అక్కడ ఏం జరుగుతుందో ముందే చెప్పండి. ఎంతసేపు ఉంటుంది, ఎప్పుడు నిలబడతారు, పాటలు ఎన్ని, ఏం వేసుకుని రావచ్చు, చెప్పులు ఎక్కడ వదలాలి. కానుకల సంచీ వస్తే పక్కవాళ్లకు అందించేస్తే సరిపోతుందని, ఏమీ వేయనక్కర లేదని చెప్పండి. ప్రభురాత్రి భోజనం ఉన్న వారమైతే అది ఎవరి కోసమో, ఆ సమయంలో కూర్చునే ఉండవచ్చని వివరించండి. గేటు దగ్గర మీరే కలవండి. మీ మామూలు కుర్చీ వదిలి వెనక వరుసలో వాళ్ల పక్కన కూర్చోండి. కొత్తగా వచ్చినవాళ్లను నిలబెట్టి పరిచయం చేసే పద్ధతి మీ సంఘంలో ఉంటే, ఆ పూటకు వద్దని కాపరితో ముందే మాట్లాడండి. ముగిశాక చుట్టుముట్టి ఫోను నంబర్లు అడిగేవాళ్ల నుంచి కాపాడి, కలిసి బయటికి నడవండి. ‘ఎలా అనిపించింది?’ అని ఒక్కసారి అడగండి. విసుగు పుట్టిందంటే నవ్వండి. మనకూ కొన్ని వారాలు పుడుతుంది కదా.

రానంటే గురువారం మామూలుగానే ఆసుపత్రికి వెళ్లండి.

సంఘంలో గుసగుసలు మొదలైతే

మొదలవుతాయి. ‘ఈమధ్య లోకస్థులతో ఎక్కువ తిరుగుతున్నాడు’ అంటారు. పేతురుకే తప్పలేదు. కైసరయలో కొర్నేలి అనే శతాధిపతి ఇంటికి వెళ్లి వచ్చాక, యెరూషలేములో ఆయనను నిలదీసింది బోధించినందుకు కాదు, సున్నతి లేనివాళ్ల ఇంట్లోకి వెళ్లి వాళ్లతో కలిసి తిన్నందుకు. అపొస్తలుల కార్యములు 11వ అధ్యాయంలో పేతురు ఇచ్చిన జవాబు చూడండి. కోపగించుకోలేదు, జరిగినది మొదటి నుంచి వరుసగా చెప్పాడు. మధ్యలో ఒక మాట అన్నాడు: ఈ ఆరుగురు సహోదరులు నాతో వచ్చారు, అందరం కలిసే ఆ ఇంట్లోకి వెళ్లాం. ఒంటరిగా వెళ్లి ఉంటే ఆ రోజు ఆయన పక్షాన మాట్లాడడానికి ఒక్కరూ ఉండేవారు కారు.

మీకు ఆరుగురు అక్కరలేదు, ఒక్కరు చాలు. మీ బృందంలోకి, మీ పొరుగువాళ్ల ఇంటికి అప్పుడప్పుడు సంఘం నుంచి ఒకరిని వెంట తీసుకెళ్లండి. వీలైతే మీ మీద అందరికంటే ఎక్కువ అనుమానం ఉన్న పెద్దాయననే పిలవండి. బయలుదేరే ముందు మాత్రం స్పష్టంగా చెప్పండి: అక్కడ ఆయనకు మైకు ఉండదు, భోజనం మాత్రమే ఉంటుంది, మొదటి అరగంట ఎదుటివాళ్లే మాట్లాడతారు.